కొలిమికే వెళ్లవలసిన ఇత్తడి

హైదరాబాదులో అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్లే దారిలో గన్‌ఫౌండ్రీ ఉంది. పాత నగరవాసులు దాన్ని తోప్ కా సాంచా అంటారు. రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో అక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. మూడేళ్లకే, 1798 మార్చిలో, రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ వాళ్లు అతని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. కార్ఖానా గోడలు కొన్ని మిగిలాయి, పేరు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. ఆ కాలంలో కంచు ఫిరంగి బీటవారితే ఎక్కడైనా ఒకటే పద్ధతి: బీటకు అతుకు వెయ్యరు, ఫిరంగిని ముక్కలు చేసి మూసలో కరిగించి మళ్లీ పోతపోస్తారు. కంచు ఖరీదైన లోహం, దాన్ని పారేసేవాడు లేడు. కానీ బీటవారిన గొట్టాన్ని సుత్తితో సరిచేసి అందులో మందు కూరేవాడూ లేడు. పొదుపు, జాగ్రత్త రెండూ ఒకే కొలిమిలో కుదిరేవి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఫిరంగి కంటే చాలా చిన్న వస్తువు గురించి. పిస్తోలు పేల్చినప్పుడు పక్కకు ఎగిరిపడే ఇత్తడి షెల్ గురించి. పేలుడు దెబ్బకు అడుగున ఉబ్బిన షెల్‌ను ఉక్కు అచ్చులో నొక్కి, మునుపటి కొలతకు తెచ్చి, మళ్లీ నిప్పు పుట్టించే ప్రైమరూ మందూ గుండూ పెట్టి వాడుకునే అలవాటు కొన్ని దేశాల్లో ఉంది. మన దగ్గర కూడా దాని మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఉన్నారు. ఉబ్బిన షెల్ వెళ్లవలసింది అచ్చులోకి కాదు, లెక్క తప్పకుండా కొలిమిలోకి అని నా వాదన. ఎందుకో లోహం వైపు నుంచీ, చట్టం వైపు నుంచీ, నేర పరిశోధన వైపు నుంచీ చెబుతాను.

ముందుగా షెల్ చేసే పని ఏమిటో చూడాలి. 1857 జూలైలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసిన నాటికి సిపాయిల చేతుల్లో ఉన్న తూటాలు కాగితంతో చుట్టినవి. పేలాక వెనక్కి ఏరుకుని మళ్లీ వాడడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత పదేళ్లు గడిచేలోగా ఇంగ్లండులో బాక్సర్ అనే సైనికాధికారి పేరు మీద లోహపు తూటా వచ్చింది. మొదట్లో పల్చటి ఇత్తడి రేకును చుట్టి చేసేవారు. పోనుపోను మందపాటి ఇత్తడి బిళ్లను దశలవారీగా అచ్చుల్లో ఒత్తి గొట్టంగా సాగదీయడం స్థిరపడింది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉండే ఇత్తడి దీనికి వాడతారు. ఇంతగా సాగే గుణం ఉన్న మిశ్రలోహాలు తక్కువ. షెల్ మందును తడవకుండా దాచే డబ్బా మాత్రమే కాదు. ట్రిగ్గర్ నొక్కిన మరుక్షణం లోపలి వాయువు షెల్ గోడను బయటికి తోస్తుంది. గోడ, తూటా కూర్చునే గది అయిన ఛాంబర్‌కు అతుక్కుపోయి, వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు, రాకుండా అడ్డుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది, అప్పుడే షెల్ తేలిగ్గా బయటికి వస్తుంది. అంటే వ్యాకోచించడం షెల్ ధర్మమే. పేలిన ప్రతి షెల్లూ కాస్త లావెక్కుతుంది, అది మామూలే. ఉబ్బు వేరే సంగతి. ఛాంబర్ గోడ ఆసరా ఇవ్వని చోట ఇత్తడి తనంతట తాను ఆ ఒత్తిడిని మోయవలసి వచ్చి, మోయలేక బయటికి పొంగితే దాన్ని ఉబ్బు అంటాం. ఒత్తిడి ఎంతో తెలియాలంటే ఒక లెక్క చూడండి. కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 32 పౌండ్ల దగ్గర ఉంటుంది. .40 బోరు పిస్తోలు తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణం అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. వెయ్యి టైర్ల ఒత్తిడి వేలి గోరంత వెడల్పున్న గొట్టంలో నిండుతుంది.

ఉబ్బిన షెల్‌ను దగ్గరగా పట్టుకుని చూస్తే చాలా విషయాలు కనిపిస్తాయి. అడుగున అంచు, అంచు పైన గాడి. పిస్తోలు కొక్కెం ఆ గాడిలోనే పట్టుకుని షెల్‌ను బయటికి లాగుతుంది. గాడి లోపలి భాగం దాదాపు నిండు ఇత్తడి, గట్టిగా ఉంటుంది. దానికి కాస్త పైన గోడ మొదలవుతుంది, మూతి వైపు పోయేకొద్దీ పల్చబడుతుంది. ఉబ్బు సరిగ్గా ఆ సంధిలో, నిండు అడుగు గోడగా మారే చోట వస్తుంది. చుట్టూతా సమానంగా రాదు, ఒకే పక్కన వస్తుంది. తూటాలు వరుసగా ఉండే మ్యాగజైన్ నుంచి తూటా ఛాంబర్‌లోకి జారడానికి పిస్తోలు గొట్టం కింది వైపు ఒక వాలు చెక్కి ఉంటుంది. వాలు ఎక్కువగా చెక్కితే తూటా తడబడకుండా ఎక్కుతుంది, కానీ అంత మేర షెల్‌కు కింద ఆసరా పోతుంది. 1990లో వచ్చిన .40 బోరుకు తయారైన తొలి తరం గ్లాక్ పిస్తోళ్లలో ఈ ఆసరా తక్కువగా ఉండడం వల్ల ఉబ్బిన షెల్లు ఎక్కువగా కనబడి, ఉబ్బుకు ఆ కంపెనీ పేరే అంటుకుంది. కొన్ని షెల్ల మీద ఉబ్బుతో పాటు అర్ధచంద్రాకారంలో ఒక సన్నని గీత కూడా ఉంటుంది. వాలు అంచు ఇత్తడిలోకి దిగబడిన గుర్తు అది. వేలి గోరును పై నుంచి కిందికి జరిపితే ఆ గీత దగ్గర గోరు తట్టుకుంటుంది. అలా తట్టుకున్న చోట లోహం ఒకసారి తెగే దాకా వెళ్లి ఆగిందని అర్థం.

ఇక నొక్కి సరిచేయడం సంగతి. మామూలు అచ్చు షెల్‌ను పై నుంచి మింగుతూ వస్తుంది, కానీ అడుగును పట్టి ఉంచే హోల్డర్ అడ్డురావడం వల్ల పూర్తిగా కిందికి దిగదు. ఉబ్బు ఉండేది ఆ అందని చోటే. అందుకని షెల్‌ను అచ్చు లోపలికి తోసి అవతలి వైపు నుంచి బయటికి తీసే పరికరాలు వచ్చాయి, రెండు పలకల మధ్య దొర్లించి నొక్కే యంత్రాలు వచ్చాయి. వాటిలోంచి బయటపడ్డ షెల్ చూడముచ్చటగా ఉంటుంది. కొలత సరిచూసే గేజిలో వేస్తే సరిగ్గా కూర్చుంటుంది. ఇంకేం కావాలని అడిగేవాళ్లు ఇక్కడే అడుగుతారు. గేజి కొలిచేది బయటి వ్యాసం ఒక్కటే. ఉబ్బినప్పుడు గోడ సాగి పల్చబడింది. నొక్కినప్పుడు సాగిన ఇత్తడి తన పాత చోటికి బుద్ధిగా తిరిగి వెళ్లదు, ఎటు వీలైతే అటు జరుగుతుంది. లోపలి గోడ మందం ఎంత మిగిలిందో గేజి చెప్పదు. లోపల సన్నని చీలిక మొదలైందో లేదో చెప్పదు. పైగా షెల్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కినప్పుడు బలహీనపడ్డ పక్క ఎటు తిరిగి ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఒకసారి ఆ పక్క గట్టి గోడకు ఆని కూర్చుంటుంది, ఏమీ కాదు. రెండోసారీ ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి సరిగ్గా వాలు మీదికి వస్తుంది. నాలుగుసార్లు పేలి ఏమీ కాలేదు కదా అనే అనుభవం ఐదోసారికి హామీ కాకపోవడానికి కారణం ఇదే. గోడ తెగితే వాయువు మ్యాగజైన్‌లోకి దూసుకుపోతుంది. పిడి పగులుతుంది, చెయ్యి గాయపడుతుంది, ముక్కలు కంటికి తగలవచ్చు.

లోహం ఈ దెబ్బను ఎలా గుర్తుపెట్టుకుంటుందో మన కంచరులకు పుస్తకం చదవకుండానే తెలుసు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద బిగించి, ఉలితో సుత్తితో బొమ్మ లేపుతారు. కొంతసేపు కొట్టేసరికి రేకు బిరుసెక్కుతుంది. అప్పుడు ఇంకా కొడితే చిట్లిపోతుంది. అందుకే రేకును తీసి నిప్పులో కాల్చి, మెత్తబడ్డాక మళ్లీ పనికి దిగుతారు. సుత్తి దెబ్బకు లోహంలోని పరమాణువుల వరసలు చెదిరి, ఒకదానికొకటి అడ్డుపడి, జరగడానికి చోటు లేక బిగుసుకుంటాయి. వేడి తగిలితే కొత్త వరసలు ఏర్పడి పాత చిక్కు విడిపోతుంది. షెల్ విషయంలోనూ ఇదే సూత్రం. ఉబ్బడం ఒక దెబ్బ, నొక్కడం ఇంకో దెబ్బ, రెండింటికీ ఇత్తడి బిరుసెక్కుతుంది. అయితే కంచరి చేసినట్టే షెల్‌నూ కాల్చి మెత్తబరచవచ్చు కదా అని అడగవచ్చు. ఇది తెలివైన ప్రశ్న, రైఫిల్ షెల్ల మూతుల విషయంలో అలా చేసేవాళ్లున్నారు కూడా. కానీ చేసేది మూతి దగ్గరే. అడుగు భాగం గట్టిగా ఉండాలనే కర్మాగారంలో దాన్ని బిరుసెక్కించి వదులుతారు. మెత్తటి ఇత్తడితో పోలిస్తే అక్కడి గట్టిదనం రెండు రెట్లకు పైగా ఉంటుంది. అడుగును కాల్చితే ఆ గట్టిదనం పోతుంది, మరుసటి పేలుడుకు ప్రైమర్ గుంట వెడల్పవుతుంది, అడుగే విచ్చుకోవచ్చు. పిస్తోలు షెల్ ఉబ్బేది సరిగ్గా ఆ అడుగును ఆనుకునే. కాల్చకపోతే పెళుసు, కాల్చితే బలహీనం. మూతి దగ్గర పనికొచ్చే మందు అడుగు దగ్గర విషమవుతుంది. ఈ వాదనలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఈ అంశమే. మిగతా అన్నిటికీ ఏదో ఒక జాగ్రత్త చెప్పవచ్చు, దీనికి మాత్రం కరిగించడం తప్ప మందు లేదు.

ఇత్తడిలో మిగిలిపోయే బిగువు ఏం చేయగలదో ప్రపంచానికి తెలిసింది మన దేశపు వానాకాలంలోనే. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ ఉంచిన తూటాల షెల్లు వానలు మొదలయ్యాక వాటంతటవే పగలడం మొదలైంది. ఎవరూ పేల్చలేదు, పడెయ్యలేదు. పెట్టెలు తెరిచి చూస్తే చీలికలు. ఆ రుతువులోనే వస్తుండడంతో సైనికులు దానికి రుతువు పేరు మీదే పేరు పెట్టారు. కారణం తేలడానికి చాలా కాలం పట్టింది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు దాన్ని వివరించారు. గుర్రపుశాలల్లో మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు తేమ, షెల్‌ను అచ్చులో సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా చీలదు. అందుకే ఆ తర్వాత కర్మాగారాల్లో, గట్టిదనం పోకుండా బిగువు మాత్రం సడలేలా, తక్కువ వేడిలో షెల్లను కాచడం స్థిరపడింది. ఇంట్లో బల్ల మీద బిగించిన అచ్చులో నొక్కిన షెల్‌కు ఆ కాపు ఎవరు పెడతారు? జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన గాలిలో తేమకు కొదవ లేదు. ఇత్తడికి మెరుపు తెచ్చే కొన్ని పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. ముచ్చటపడి షెల్లను వాటితో రుద్దేవాళ్లకు తాము ఆ పాత గుర్రపుశాలను సీసాలో తెచ్చుకున్నామని తెలియదు. మన ఇళ్లలో ఇత్తడి చెంబులను చింతపండుతో తోమడం ఈ లెక్కన ఎంతో మంచిది. చింతపండులో ఉన్నది పులుపు, అమ్మోనియా కాదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో లక్షల మంది తూటాలు తిరిగి నింపుకుంటున్నారు, వాళ్లందరి చేతులూ బాగానే ఉన్నాయి కదా అనేది పెద్ద అభ్యంతరం. నిజమే, ఆ పని వాళ్లకు చట్టబద్ధం, వాళ్లలో చాలామంది శ్రద్ధగా చేస్తారు. అయితే వాళ్ల భద్రత దేని మీద నిలబడిందో చూడాలి. తన సొంత పిస్తోలులో పేలిన షెల్‌ను తానే ఏరుకుని, అది ఎన్నిసార్లు వాడిందో పుస్తకంలో రాసుకుని, మందును తూకం వేసి నింపుకునే మనిషి అలవాటు మీద అది నిలబడింది. షెల్ చరిత్ర తెలిసి ఉండడమే అక్కడి మొదటి సూత్రం. ఉబ్బిన షెల్లు ఎక్కువగా దొరికేది అలా కాదు. పదిమంది కాల్చే రేంజిలో నేల మీంచి ఊడ్చిన గుట్టలో దొరుకుతాయి. ఏది ఎవరి పిస్తోలులోంచి వచ్చిందో, అందులో ఎంత మందు పేలిందో, ఇంతకు ముందు ఒకసారి నొక్కారో లేదో ఎవరికీ తెలియదు. అచ్చు ఆ గుట్టనంతా ఒకే రూపానికి తెస్తుంది. మంచి షెల్‌కూ చెడ్డ షెల్‌కూ తేడా కనిపెట్టడానికి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు ఉబ్బు. అచ్చు మొదట తుడిచేసేది దాన్నే. తిరిగి నింపడంలో తలపండినవాళ్లలోనే ఎందరో, కంటికి కనిపించేంత ఉబ్బు ఉంటే పక్కన పడేయమంటారు.

ఇంకో అభ్యంతరం క్రీడాకారుల వైపు నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. షూటింగ్ ఖరీదైన ఆట. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఈ నగరపు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం గెలిచింది. వాళ్లను చూసి తుపాకీ పట్టే పిల్లల తల్లిదండ్రులకు తూటాల ఖర్చు నిజంగానే భారం. కానీ షెల్లు తిరిగి నింపితే ఆ భారం తగ్గుతుందా? గగన్‌కు పతకం తెచ్చిన పది మీటర్ల పోటీలో గాలి తుపాకీ వాడతారు. అందులో సీసపు పెల్లెట్ ఉంటుంది తప్ప షెల్ అనేదే లేదు. ఈషా ఆడే 25 మీటర్ల పోటీలో వాడేది .22 బోరు. ఆ తూటాలో ప్రైమర్ మందు అడుగు అంచు మడతలోనే పూసి ఉంటుంది, పిన్ను దెబ్బకు ఆ అంచే నలిగిపోతుంది. దాన్ని తిరిగి నింపడం ఆచరణలో లేదు. ఒలింపిక్స్‌లో లేని 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీ ఒకటి ఉంది. అందులో ఎక్కువగా వాడే .32 తూటా తక్కువ ఒత్తిడితో, మెల్లగా పోయేది, దాని షెల్ ఉబ్బడమే అరుదు. అంటే ఉబ్బు సమస్య ఉన్న పెద్ద బోర్లకూ మన క్రీడాకారుల ఖర్చుకూ చుట్టరికం చాలా తక్కువ. 9 మిల్లీమీటర్ల వంటి బోర్లు మన దేశంలో సాధారణ పౌరులకు నిషిద్ధం. లైసెన్సు మీద మామూలుగా దొరికే .32 పిస్తోలు తూటా ఒత్తిడి అదే అమెరికా ప్రమాణంలో చదరపు అంగుళానికి 20,500 పౌండ్ల దగ్గరే ఆగుతుంది. పిల్లలకు తూటాలు చౌకగా అందాలంటే సుంకాల గురించీ, దేశీయంగా పోటీ నాణ్యత గల తూటాల తయారీ గురించీ గట్టిగా అడగాలి. ఆ అడగడంలో నేను కూడా వాళ్ల పక్షమే.

చట్టం మాట. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు గానీ తూటాలు గానీ తయారు చేయకూడదు, అమ్మకూడదు. అదే చట్టం తూటా సామగ్రి అంటే ఏమిటో చెబుతూ దాని భాగాలనూ, దాన్ని తయారు చేసే యంత్రాలనూ కూడా ఆ మాటలో చేర్చింది. ఆత్మరక్షణకు పిస్తోలు లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకునే హక్కు రాదు. రెండూ వేర్వేరు అనుమతులు. 2019లో చేసిన సవరణ తర్వాత అనుమతి లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. మరి ఎప్పుడో పేలిన ఒక ఖాళీ షెల్ సొరుగులో ఉన్నందుకు జైలేనా అని భయపడేవాళ్లుంటారు. చట్టం అంత గుడ్డిది కాదు. ఇతర భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలను 45వ సెక్షన్ మినహాయించింది, తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అన్నది కూడా న్యాయస్థానాలు చూస్తాయి. కానీ ఆ ఖాళీ షెల్ పక్కన అచ్చూ, ప్రైమర్లూ, మందూ ఉంటే ఉద్దేశం ఏమిటో వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇది అతి కఠినం అనేవాళ్లతో నేను ఏకీభవించను. మన పల్లెల్లో, అడవుల అంచున నాటు తుపాకుల బెడద ఇంకా తీరలేదు. ఎవరెక్కడ ఎన్ని తూటాలు నింపారో లెక్క లేని వ్యవస్థను ఇక్కడికి తెచ్చుకుంటే ఆ లెక్కలేనితనం క్రీడాకారుడి బల్ల దగ్గరే ఆగుతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

నాంపల్లికి వస్తే ఈ విషయానికి ఇంకో ముఖం కనిపిస్తుంది. అక్కడ క్రిమినల్ కోర్టులున్నాయి. కొద్ది దూరంలో రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. కాల్పుల కేసుల్లో నేలమీద దొరికిన ఖాళీ షెల్లు సీలు వేసిన సంచుల్లో అటువంటి ప్రయోగశాలకే చేరుతాయి. షెల్ అడుగున ప్రైమర్ మీద పిన్ను చేసిన గుంట, దాని చుట్టూ తుపాకీ వెనుక పలక వేసిన గీతలు, గాడిలో కొక్కెం పట్టిన గాటు, పక్కన బయటికి నెట్టిన ముక్క తాలూకు దెబ్బ, ఇవన్నీ ఆ ఒక్క తుపాకీ చేవ్రాలు. 1929లో షికాగోలో ఏడుగురిని కాల్చి చంపిన కేసులో కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడు జంట సూక్ష్మదర్శిని కింద షెల్లనూ గుండ్లనూ పోల్చి చూసి, అవి పోలీసుల తుపాకుల నుంచి వచ్చినవి కావని తేల్చాడు. అప్పటి నుంచి ఈ శాస్త్రానికి కోర్టుల్లో గౌరవం పెరిగింది. ఉబ్బు కూడా ఇందులో ఒక సాక్షి. ఏ పక్కన, ఎంత ఎత్తున, ఎంత మేర ఉబ్బిందో చూస్తే ఛాంబర్ ఆసరా ఎలా ఉందో, మందు మితిమీరిందో లేదో అంచనాకు అందుతుంది. నొక్కి తిరిగి నింపిన షెల్ మీద మొదటి తుపాకీ గాట్లు కొన్ని మిగులుతాయి, అచ్చు రాపిడి కొత్తగా పడుతుంది, రెండో తుపాకీ గాట్లు వాటి మీద పడతాయి. నిపుణులు వాటిని విడదీయలేరని కాదు, విడదీయడం కష్టమవుతుంది, నిందితుడి న్యాయవాదికి సందేహం లేవనెత్తడానికి చోటు దొరుకుతుంది. నిర్దోషి మెడకు చుట్టుకోవచ్చు, దోషి జారిపోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని చెబుతోంది. దాన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. వస్తుసాక్ష్యానికి ఇంత విలువ పెరుగుతున్న కాలంలో షెల్లను చేతులు మార్చి తిప్పడం ఎవరికి మేలు?

వృథా చేయకూడదనే మాట మిగిలింది. ఈ మాటను నేను ఎంతో గౌరవిస్తాను. వస్తువును చివరి దాకా వాడుకోవడం మన ఇళ్లలో మర్యాద. బేగంబజారులో ఇత్తడి సామాన్ల దుకాణానికి పాత బిందె తీసుకెళ్తే తూకం వేసి విలువ కట్టుకుంటారు, తరుగు తీసి కొత్త సామాను ఇస్తారు. సొట్టపడ్డ బిందె రూపాన్ని ఎవరూ కొనరు, అందులోని లోహాన్ని కొంటారు. ఇత్తడి ఎన్నిసార్లు కరిగించినా ఇత్తడే. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో అది ద్రవమైనప్పుడు ఉబ్బు, బిరుసు, బిగువు, చీలిక అన్నీ ఒకేసారి పోతాయి. ఆ లోహంతో కర్మాగారంలో మళ్లీ షెల్ చేసినా దాని మందమూ గట్టిదనమూ అడుగడుగునా పరీక్షకు నిలుస్తాయి. పూణే దగ్గరి ఖడ్కీలో 1869 నుంచి మందుగుండు కర్మాగారం ఉంది. 2021 అక్టోబరు నుంచి అది మునిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద నడుస్తోంది. ప్రభుత్వ కర్మాగారాలకూ, లైసెన్సున్న ప్రైవేటు తయారీదారులకూ తుక్కు ఇత్తడి చేరే దారి చక్కగా వేయవచ్చు. రేంజి నిర్వాహకులు ఖాళీ షెల్లను ఎంచి రిజిస్టరులో రాయాలి. ఉబ్బినవాటిని వైస్‌లో బిగించి చదునుగా నలగ్గొట్టాలి, ఇక ఏ అచ్చులోనూ దూరకుండా. ఆ తర్వాతే తూకానికి పంపాలి. తుక్కు ధర రేంజికే తిరిగి వస్తే పిల్లల శిక్షణ ఖర్చులో కొంతయినా కలిసివస్తుంది. తిరిగి నింపడం వల్ల కలిసివస్తుందనే డబ్బుతో పోలిస్తే ఇది తక్కువే కావచ్చు, కానీ ఇందులో ఎవరి కన్నూ పణంగా పెట్టనక్కర్లేదు.

లైసెన్సున్న ఆయుధం ఇంట్లో ఉన్న శ్రోతలకు ఒక్క మాట. అరుదుగా అయినా మీ పిస్తోలు నుంచి వచ్చిన షెల్ అడుగున ఒక పక్క పొంగి కనిపిస్తే, షెల్‌ను ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. పిస్తోలుకు ఏమైందన్నది మొదటి ప్రశ్న. ఛాంబర్ అరిగిపోయి ఉండవచ్చు. గొట్టాన్ని వెనుక మూసే బ్రీచ్ పూర్తిగా మూసుకోకముందే పేలి ఉండవచ్చు. ఎవరో ఎప్పుడో వాలును గీకి ఉండవచ్చు. తూటాలో మందు మోతాదు తప్పి ఉండవచ్చు, లేదా ముందు పేలిన తూటా గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. వీటిలో ఏదైనా సరే మరో తూటా పేల్చి తెలుసుకోవలసింది కాదు. ఆయుధాన్ని ఖాళీ చేసి, ఉబ్బిన షెల్‌నూ అదే పెట్టెలోని మిగతా తూటాలనూ విడిగా ఉంచి, మరమ్మతుకు లైసెన్సున్న డీలరు దగ్గరికి మీ లైసెన్సు పుస్తకంతో సహా అన్నీ కలిపి తీసుకెళ్లండి. షెల్‌ను తుడవవద్దు, పాలిష్ పెట్టవద్దు. ఉబ్బు ఏ పక్కన ఉందో, గీత ఎంత లోతుగా పడిందో చూసి మరమ్మతు తెలిసినవాడు లోపం గొట్టంలో ఉందా, తూటాలో ఉందా అన్నది విడదీసి చెప్పగలడు.